ఎనిమిది నిమిషాల మర్యాద

మా పెద్ద దీవి టోంగటాపు నుంచి ఎవువా దీవికి విమానంలో ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఓడలో రెండున్నర గంటలు, దక్షిణం నుంచి అలలు వస్తుంటే మూడు. కలొలైనే టీచరు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఓడలోనే వెళ్తున్నారు. వెళ్ళిన ప్రతిసారీ వాంతులే. అందుకోసం మూత ఉన్న ఒక బకెట్ వెంట తెచ్చుకుంటారు.

విమానం ఎందుకు ఎక్కరని ఎవరైనా అడిగితే ఆవిడ ఒకే జవాబు చెప్పేవారు. ఆ విమానంలో కుర్చీలు ఉండవు, బల్లలుంటాయి. బల్లకి ఇద్దరు. మధ్యలో నడిచే దారి కూడా లేదు, భుజానికి భుజం తగలాల్సిందే. ఏ రోజైనా తమ్ముడు ఫెలేతి అందులోనే ఎక్కితే ఏం చేయాలి?

మా టోంగాలో ఈ మాటకి ఎదురు లేదు. మీసాలు వచ్చే వయసులో మగపిల్లవాడు అక్కచెల్లెళ్ళ ఇల్లు విడిచి పక్క గుడిసెలో పడుకోవడం మొదలుపెడతాడు. అక్కడి నుంచి ఒకరి ముందు ఒకరు మోటు మాట ఆడరు, పక్కపక్కన కూర్చోరు. టీవీలో ముద్దు సీను వస్తే ఇద్దరిలో ఒకరు లేచి పెరట్లోకి వెళ్తారు. తమ్ముడు ఎంత పెద్దవాడైనా అక్క అతనికంటే ఒక మెట్టు పైన. అతని పిల్లలకి ఆవిడ మేనత్త. ఆవిడ మాటే మాట.

వేరే ఇళ్ళవాళ్ళు అక్కని ముందు బల్ల మీద, తమ్ముణ్ణి వెనక బల్ల మీద కూర్చోబెట్టి ఎగిరిపోతూనే ఉంటారు. కాని టీచరు ప్రైమరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఇంటికి పెద్ద. పదకొండు మంది పిల్లలకి మేనత్త. ఆవిడతో ఎవరూ వాదించలేదు. పైగా మెచ్చుకున్నారు. బోధకుడు మొసేసే ఒక ఆదివారం చర్చిలో ఆవిడని ఉదాహరణగా చెప్పాడు. పదేళ్ళు గడిచేసరికి అది ఇంటి నియమమైంది: ఈ ఇంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే విమానం ఎక్కరాదు. ఒకసారి ఎవువాలో పుట్టినరోజు విందుకి ఆడవాళ్ళు నలుగురూ శుక్రవారం వెళ్ళారు. మగవాళ్ళు ముగ్గురూ శనివారం వెళ్ళి, మిగిలిపోయిన పందిమాంసం తిని వచ్చారు.

ఫెలేతి నాకు బావ. మా అక్క భర్త. రేవులో సరుకు దించే ముఠాకి మేస్త్రీ. వయసులో ఉండగా రగ్బీ ఆడాడు. ఆయన కూతురు లెసియెలి ఎవువా ఆస్పత్రిలో నర్సు, పెళ్ళికొడుకుదీ ఆ దీవే. పెళ్ళి శనివారం పదకొండు గంటలకి. మా అక్క, పిల్లలు, చాపలు, పందులు బుధవారం ఓడలోనే వెళ్ళిపోయారు. టీచరుకి పరీక్షలు, బావకి గురువారం ఒక సరుకు ఓడ, నాకు వేరే పని. మేం ముగ్గురం శుక్రవారం ఓడలో వెళ్ళాలి. ఓడలో ఇబ్బంది లేదు. టీచరు పైన, బావ కింద.

శుక్రవారం నాలుగు గంటలకి ఓడ రద్దయింది. అలలు నాలుగు మీటర్లు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. శనివారం పొద్దున విమానం రెండుసార్లు తిరుగుతుంది. ఏడున్నరకి బావ, తొమ్మిదికి టీచరు. మర్యాదకి లోటు లేదు. ఎవరో అప్పటికే ఫోన్ చేసి టిక్కెట్లు రాయించేశారు కూడా.

టీచరు చెవిపోటు అన్నారు. ఫోన్‌లో ఉన్న లెసియెలి నర్సు కాబట్టి చెవిలో ఏం వేసుకోవాలో చెప్పింది. సామాను బరువు అన్నారు. సామాను బుధవారమే వెళ్ళిపోయిందని గుర్తుచేశారు. దేవుడు ఓడ ఆపాడంటే ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది అన్నారు. మొసేసే అక్కడే కూర్చుని ఉన్నాడు. దేవుడు విమానం ఆపలేదు కదా అన్నాడు.

పెళ్ళిలో మేనత్తది పైచోటు. కానుకల్లో మొదటి చాప ఆవిడకి, చెట్టు బెరడుతో చేసిన మొదటి నారబట్ట ఆవిడకి, కేకులో పై అంతస్తు ఆవిడకి. ఆవిడ రాకపోతే ఆ చోట్లో పినతండ్రి కూతురు ఫనే కూర్చుంటుంది. ఫనే అప్పటికే తల దువ్వుకుంటోందని ఎవువా నుంచి కబురు వచ్చింది. దాంతో టీచరు అభ్యంతరాలు చెప్పడం ఆపేశారు. కేకు సంగతి కాదు, ఫనే సంగతీ కాదు. లెసియెలి పుట్టినప్పుడు పేరు పెట్టింది టీచరు. ఫోన్ పెట్టేసే ముందు లెసియెలి ఒక మాట అంది.

“అత్తా, నువ్వు లేకపోతే నేను చర్చికి బయల్దేరను. నాన్న లేకపోయినా బయల్దేరను. ఇద్దరూ కావాలి.”

పొద్దున ఎనిమిది దాటాక మేం ఫువామోటు విమానాశ్రయంలో ఉన్నాం. ఏడున్నర విమానం ఎగరలేదు. పది తర్వాత గాలి పెరుగుతుందట, అందుకని రెండు ప్రయాణాలూ కలిపి ఒకటి చేశారు. మొదటిదానికి నలుగురం, రెండోదానికి ఐదుగురు. సీట్లు తొమ్మిది. సరిపోయింది.

కౌంటర్ దగ్గర సోసైయా ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మనుషుల్ని కూడా సరుకు తూచే కాటా మీదే నిలబెట్టి బరువు పైకి చదువుతాడు. మా దగ్గర బరువు దాచుకునే అలవాటు లేదు. బావ నూట ముప్పై ఒక్క కిలోలు. ఎవరో మెచ్చుకోలుగా గొంతు సవరించారు. టీచరు జెండా వందనానికి నిలబడ్డట్టు నిలబడ్డారు. నూట పద్దెనిమిది. పెళ్ళికి వస్తున్న మొసేసే తొంభై. నేను డెబ్భై ఒకటి. ఒంట్లో బాగాలేదా అని వెనక నుంచి ఒక ముసలావిడ నన్ను అడిగింది.

బరువుల ప్రకారం సోసైయా సీట్లు రాసి కాగితం తిప్పి చూపించాడు. రెండో బల్ల మీద ఫెలేతి, కలొలైనే.

టీచరు ఆ కాగితం మీద వేలు పెట్టారు. ఆవిడ ముఖం పదహారు గంటల తర్వాత మొదటిసారి తేటపడింది.

“ఇది కుదరదు, సోసైయా. నీకు తెలుసు.”

సోసైయా తల కొట్టుకుని, క్షమించమని అడిగి, మళ్ళీ రాయబోయాడు. టీచరు వద్దన్నారు. ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చున్నా పైకప్పు ఒకటే కదా అన్నారు. తండ్రి లేకుండా పెళ్ళి జరగదు కాబట్టి తమ్ముడే వెళ్ళాలని, తను ఉండిపోతానని చెప్పారు.  అది త్యాగమని మేమంతా అనుకున్నాం.

బావ బయట మామిడి చెట్టు కింద, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. మధ్య దూరం ఇరవై అడుగులు. సోసైయా వెళ్ళి సంగతి చెప్పాడు. బావ తల అడ్డంగా ఊపడం మాకు కనిపించింది. సోసైయా తిరిగివచ్చాడు.

“ఉండిపోయేది తనేనట, టీచర్. మేనత్త లేని పెళ్ళి పెళ్ళే కాదంటున్నారు. అమ్మాయి పక్కన ఆమె తమ్ముడు నడుస్తాడట.”

టీచరు మళ్ళీ పంపారు. అక్క మాట వినాలని. బావ మళ్ళీ తిప్పి పంపాడు. అన్ని విషయాల్లోనూ వింటానని, ఈ ఒక్క విషయంలో తనని మన్నించమని. ఈసారి బావ ఆ మాట చెబుతూనే సంచీ తీసుకుని చెట్టు మొదట్లో కూర్చున్నాడు. త్వరగా కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి అంత త్వరగా కూర్చోవడం నేను అప్పటిదాకా చూడలేదు.

సోసైయా ఏడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. చొక్కా వీపుకి అంటుకుంది. నా బరువు చూసి జాలిపడ్డ ముసలావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఈ కాలంలో ఇలాంటి అక్కాతమ్ముళ్ళు ఉన్నారా అని పక్కావిడతో అంటోంది. మొసేసే జేబులోంచి కాగితం తీసి రేపటి ప్రసంగానికి రాసుకుంటున్నాడు.

అకొసిత వచ్చింది. విమానం నడిపేది ఆ అమ్మాయే. ఇరవై తొమ్మిదేళ్ళు. మూడో తరగతిలో టీచరు దగ్గరే చదివింది, అందుకని చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడింది. గాలి ఎవరికోసమూ ఆగదని, ఇంకో పది నిమిషాలు చూస్తానని, ఆ తర్వాత ఎవరు ఎక్కితే వాళ్ళతోనే బయల్దేరతానని చెప్పింది. ఎవరూ ఎక్కకపోతే ఇద్దరినీ వదిలేసి వెళ్ళక తప్పదంది.

ఇద్దరినీ, అన్న మాట దగ్గర టీచరు తలెత్తారు.

లెసియెలి ఇద్దరూ కావాలంది. ఇక్కడ ఒక్కరు కూడా కదలడం లేదు. టీచరు చెట్టు వైపు చూశారు. ఆ చెట్టు కింద తమ్ముడు, కూతురి పెళ్ళికని కుట్టించుకున్న నల్లకోటు మీద మా ఆచారం ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది ముప్పై ఒక్క ఏళ్ళుగా తను చెప్పిన ఒక మాట. ఇంట్లో అందరూ నమ్మారు, గౌరవించారు, పిల్లలకి నేర్పారు. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే అందరి ముందూ తీసుకోవాలి.

ఆవిడ గడియారం చూసుకున్నారు.  తర్వాత సోసైయాని పిలిచారు. గొంతు తగ్గించలేదు. క్లాసులో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడటం ఆవిడకి అలవాటు.

“వెళ్ళి నా తమ్ముడికి చెప్పు. అది మర్యాద కాదు. ఎప్పుడూ కాదు. నాకు భయం. పైకి లేస్తే కింద పడతాననే భయం. స్టూలు ఎక్కి గోడకి పటం కూడా తగిలించలేను. అతని పేరు అడ్డం పెట్టుకున్నాను. అతను లేచి ఎక్కాలి. నేనూ ఎక్కుతాను.”

 మొసేసే కలం ఆగింది. సోసైయా ఎనిమిదోసారి బయల్దేరాడు, ఈసారి నెమ్మదిగా. బావకి అప్పటికే వినపడి ఉంటుంది, ఇరవై అడుగులే. అయినా సోసైయా చెప్పేదాకా ఆగాడు.  తర్వాత ఏదో అన్నాడు. సోసైయా వంగి మళ్ళీ అడిగాడు. బావ మళ్ళీ అన్నాడు.

సోసైయా తిరిగివచ్చాడు. ముఖం బిగపట్టుకుని ఉన్నాడు.

“తనకీ అదేనట, టీచర్.”

“ఏది అదే?”

“భయమే. మీరు పెట్టిన నియమం దేవుడు పంపినట్టుంది అనుకున్నారట. మోకాలి సంగతి కూడా చెప్పమన్నారు. మోకాలికి ఏమీ కాలేదట. ఏ మోకాలని అడిగితే, మీకు తెలుసన్నారు.”

ఆవిడకే కాదు, నాకూ తెలుసు, ముసలావిడకీ తెలుసు. పాతికేళ్ళ కిందట బావని ఫిజీ వెళ్ళే రగ్బీ జట్టులోకి తీసుకున్నారు. బయల్దేరే ముందు రోజు మోకాలు పట్టేసింది. జట్టు తొంభై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయి వచ్చింది. ఫెలేతి మోకాలు బాగుంటే ఇలా జరిగేదా అని ఆ తరం మగవాళ్ళు ఇప్పటికీ కావా వేరు రసం గిన్నె చుట్టూ కూర్చుని బాధపడతారు. ఆ మోకాలి కోసం మా అక్క రెండేళ్ళు నూనె కాచింది.

మొసేసే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

అకొసిత గొంతు సవరించి, ఇక ఎక్కండి అంది.

సోసైయా సీట్లు మళ్ళీ రాశాడు. టీచరు అకొసిత పక్కన, అన్నిటికంటే ముందు. బావ మూడో బల్ల మీద, నా పక్కన. ఆయన భుజం, నా భుజం, సగం కిటికీ కూడా ఆయనవే అయ్యాయి. తలుపు వేశారు. ఇంజను మోగింది. అప్పుడు నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, నా ఎడమచెయ్యి బావ చేతిలో ఉంది, ఇక ఎవువా దాకా నాది కాదు.

ముందు నుంచి మాటలు వినిపిస్తున్నాయి. టీచరు హాజరు తీసుకుంటున్న గొంతుతో ప్రతి చప్పుడుకీ జవాబు అడుగుతున్నారు. ఆవిడ ఎదురుగా విమానం నడిపే రెండో చుక్కాని ఒకటుంది.

“ఇది దానంతట అదే కదులుతోంది.”

“నేనే కదుపుతున్నాను, టీచర్. మీరు పట్టుకోకండి.”

“పట్టుకోలేదు.”

“వదిలెయ్యండి, టీచర్.”

నేల దిగిపోయింది. కొబ్బరి తోటలు ఒక్కసారి వంగినట్టయి చదునుగా మారాయి.  ముసలావిడ దేవుణ్ణి పేరుపెట్టి పిలిచింది. సముద్రం మీదకి రాగానే గాలి విమానాన్ని పక్కనుంచి తట్టింది. మొసేసే పాట ఎత్తుకున్నాడు. మా వాళ్ళు తొమ్మిది మంది ఒకచోట ఉంటే నాలుగు స్వరాలు వాటంతట అవే కుదురుతాయి. ముందు నుంచి టీచరు పై స్వరం అందుకున్నారు. బావ చర్చిలో ముప్పై ఏళ్ళుగా మంద్రం పాడతాడు. ఆయన పాడితే బల్ల అదురుతుంది. నాలుగో నిమిషంలో పాట నిలదొక్కుకుంది, విమానమూ నిలదొక్కుకున్నట్టే ఉంది.

ఐదో నిమిషంలో కింద గాలి లేకుండా పోయింది. ఎంత పడ్డామో తెలియదు, అకొసిత తర్వాత ముప్పై అడుగులంది. బల్ల మమ్మల్ని వదిలేసింది. నా సంచీ ఒళ్ళోంచి లేచి మళ్ళీ కూర్చుంది. పాట ఆగిపోయింది, ఒక్క గొంతు తప్ప. బావ స్వరం మాత్రం పడుతున్న దారిలో పైకి పోయింది. మంద్రం దాటి, మధ్యమం దాటి, ఆడవాళ్ళ స్వరం దాటి, ఎనిమిదేళ్ళ పిల్ల ఎలుకని చూస్తే వచ్చే చోటికి వెళ్ళి అక్కడ ఆగింది. విమానం నిలబడ్డాక కూడా ఆ స్వరం కొంచెంసేపు పైనే ఉంది.

ఎవరూ కదల్లేదు. తమ్ముడి పరువు పోయే సంగతి అక్క ముందు జరిగితే చుట్టూ ఉన్నవాళ్ళు వినలేదన్నట్టు ఉండాలి. మేం ఉన్నాం. మొసేసే నోట్లో రుమాలు పెట్టుకున్నాడు. ముసలావిడ కిటికీ వైపు తిరిగి మేఘాలు లెక్కపెట్టింది. నా పక్కటెముకలు నొప్పి పెట్టాయి.

ముందు బల్ల మీద ఒక వీపు అదరడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. టీచరు రెండు చేతులతో నోరు మూసుకున్నారు, కాని ఆ నవ్వు ముక్కులోంచి వచ్చింది. గుర్రం తుమ్మినట్టు. ఒకసారి వచ్చాక ఆగలేదు. నా పక్కన బావ ఆ శబ్దం విన్నాడు. కడుపు కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత బల్ల మొత్తం. ఇద్దరూ ఒకే సంగతికి, ఒకే కప్పు కింద, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. చూసుకునే వీలూ లేదు, మధ్యలో వేరేవాళ్ళ వీపులున్నాయి. ఇక మాకు అడ్డేముంది? విమానం విమానమంతా నవ్వింది. ఊగకండి, ఊగకండి అని అకొసిత బతిమాలుతూ తనే కళ్ళు తుడుచుకుంది.

నవ్వు కొంచెం తగ్గేసరికి ఎవువా కొండకొమ్ము రెక్క కింద ఉంది. టీచరు కళ్ళద్దాలు తుడుచుకుని, అద్దానికి నుదురు ఆనించి కిందకి చూశారు.

“అది ఫనే వాళ్ళ ఇల్లు కదూ?”

“అదే, టీచర్.”

“కప్పు తుప్పు పట్టింది.”

తొమ్మిది గంటల పద్నాలుగు నిమిషాలకి చక్రాలు గడ్డిని తాకాయి. అప్పుడే అయిపోయిందా అని టీచరు అడిగారు. అకొసిత అయిపోయిందంది. టీచరు దిగకుండా ఒక నిమిషం అలాగే కూర్చున్నారు. బావ నా చెయ్యి తిరిగి ఇచ్చేశాడు. అందులో మూడు వేళ్ళకి సాయంత్రం దాకా స్పర్శ లేదు.

పెళ్ళి పదకొండు గంటలకే జరిగింది. లెసియెలి తండ్రి చేతి మీద చెయ్యి వేసి నడిచింది. మేనత్త పైచోట్లో కూర్చుంది. మొదటి చాప ఆవిడ ముందే పరిచారు. ఫనే రెండో వరుసలో, తల చక్కగా దువ్వుకుని కూర్చుంది.

విందులో చిక్కు వచ్చింది. విమానంలో జరిగింది మాకంటే ముందే ఊరంతా పాకింది. ముసలావిడ దిగగానే చెప్పి ఉంటుంది. అందరికీ అది మా నోటి నుంచి వినాలని ఉంది. కాని అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకే పందిట్లో, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉన్నారు. ఇద్దరూ ఉండగా అలాంటి కథ చెప్పడం తప్పు. రెండు వందల మంది ఎదురుగా దుంపలు, పందిమాంసం పెట్టుకుని, ముఖాలు బిగించుకుని కూర్చున్నారు.

ముందు బావ లేచాడు. సిగరెట్టు కాల్చుకోవాలని చెప్పి పందిరి వెనక్కి వెళ్ళాడు. ఆయన సిగరెట్టు మానేసి పన్నెండేళ్ళయింది. మొసేసే టీచరు వంక చూశాడు. టీచరు తల ఊపారు. అప్పుడు మొసేసే, బావ స్వరం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో పాడి వినిపించాడు. మొదటగా నవ్వింది టీచరే.

బావ తిరిగివచ్చి కూర్చున్నాక టీచరు లేచారు. చేతులు కడుక్కుని వస్తానన్నారు. ఆవిడ అటు వెళ్ళగానే బావ నా వైపు తిరిగి, ఇప్పుడు చుక్కాని సంగతి చెప్పమన్నాడు. చెప్పాను. ఆ గుర్రం తుమ్ము కూడా చేసి చూపించాను. పందిట్లో నవ్వు చేతులు కడుక్కునే నీళ్ళతొట్టి దాకా వినపడి ఉంటుంది.

టీచరు వెంటనే రాలేదు. తొట్టి దగ్గర నిలబడి చేతులు రెండోసారి రుద్దుకుంటున్నారు. చెప్పాల్సింది ఇంకా సగం ఉందని, తను వస్తే అది ఆగిపోతుందని ఆవిడకి తెలుసు.